ఐదు దాటాక

సాయంత్రం ఆరు కొట్టగానే
నా ఒంటి మీదికి పచ్చ కోటు వస్తుంది.
వీపు మీద పెద్ద అక్షరాలు: రోడ్డు మీద తాగరాదు.
నేను చదవలేని చోటే రాశారు,
నా వెనక నడిచేవాళ్ళ కోసం.

షిబుయా స్టేషను బయట, దారులన్నీ కలిసే చోట
తెల్లారి ఐదింటిదాకా ఆ రూలుని నేనే.
జరిమానా వెయ్యను, చెయ్యి పట్టుకోను.
నడుం వంచి అడుగుతాను, అంతే:
"దయచేసి, ఇక్కడ కాదు."
మరెక్కడ అని అడిగితే మాత్రం
నా దగ్గర జవాబు లేదు.

పది అడుగుల దూరంలో కొట్టు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.
లోపల కొనొచ్చు, డబ్బు కట్టొచ్చు,
"మళ్ళీ రండి" అనిపించుకోవచ్చు.
గడప దాటి మూత లాగితేనే తప్పు.
టిస్సుమనే ఆ చప్పుడుకి
మూడు నెలల్లో నా చెవి కుక్కచెవి అయింది.

మొన్న ఒక కుర్రాడు, టై విప్పి జేబులో కుక్కుకుని
(ఏ ఉద్యోగం చేజారిందో)
"పిన్నిగారూ, ఇంక రెండు గుక్కలే" అన్నాడు.
బకెట్టు చూపించాను.
నిమ్మకాయ వాసన కొట్టే సారా బుడబుడా ఒంపేసి
ఖాళీ డబ్బా రెండు చేతులా అందించాడు,
విజిటింగ్ కార్డు ఇచ్చినట్టు.
తాగినవాడి మర్యాద చూస్తే
ఒక్కోసారి నాకే తల ఎత్తబుద్ధి కాదు.

ఈ ఊళ్ళో వీధికి చెత్తబుట్ట ఉండదు.
ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకెళ్ళాలి.
ఇల్లే గుర్తు రానివాడు ఎక్కడికని మోస్తాడు?
కరెంటు పెట్టె మీద వరసగా నిలబెట్టిపోతారు,
లేబుళ్ళన్నీ ఒకే వైపుకి తిప్పి మరీ.

ఒక మాట దాచాను.
ఆ మూల, ఇప్పుడు ఇనప పరంజా లేచిన చోట,
నాకో పానశాల ఉండేది.
ఏడుగురు నిలబడితే ఎనిమిదోవాడు తలుపు బయటే.
ఉడికించిన ముల్లంగి, వేడి సాకే,
గోడ మీద "ఇసురుగి గారికి బాకీ" అని వాళ్ళే రాసుకున్న లెక్కలు.
డబ్బా చవక, రోడ్డు ఉచితం అని తెలిశాక
నా గ్లాసులు బోర్లించినవి బోర్లించినట్టే ఉండిపోయాయి.
ఈ కోటు తొడిగిన మొదటి రాత్రి
లోలోపల పగ తీరినట్టే అనిపించింది.
రెండో రాత్రికి మోకాళ్ళ నొప్పే మిగిలింది.

నా మీద నిజంగా కోపమున్నవాడు ఒక్కడే, త్సుకుదా.
సైకిలుకి అటో గోతం, ఇటో గోతం.
అరవై అయిదు డబ్బాలు తూగితే కిలో.
"నీ రూలు వచ్చి నా గోతం సగానికి పడింది,
వీధి కడిగినట్టుంటే కడుపు నిండుతుందా?" అంటాడు.
బదులు చెప్పను.
బకెట్టు పక్కన ఖాళీలు విడిగా పెట్టి
కాసేపు అటు తిరిగి నించుంటాను.
పెట్టమని రూల్లో లేదు.
పెట్టొద్దనీ లేదు.

నాలుగూ యాభై.
కాకులు డ్యూటీకి దిగాయి.
ఎవరో కక్కుకున్న చోట ఇసక చల్లి, చీపురు కడిగి,
ఐదుకి కోటు విప్పి మడత పెట్టాను.
అర్ధరాత్రి నుంచీ జేబులో ఒక డబ్బా,
ఎవరో మూతైనా తియ్యకుండా వదిలేసింది,
నా ఒంటి వేడికి గోరువెచ్చనైంది.

ఐదూ రెండు.
మెట్టు మీద కూర్చుని లాగాను. టిస్సు.
ఎవరూ వచ్చి నడుం వంచలేదు.
అదే మెట్టు, అదే గొంతు, అదే చేదు.
గడియారం ముల్లొక్కటే పక్కకి జరిగింది.

త్సుకుదా సైకిలు ఆపి ఎదురుగా నించున్నాడు.
ఒక గుక్క ఇవ్వబోయాను.
తల అడ్డంగా ఊపాడు, మానేసి పందొమ్మిదేళ్ళట.

"తొందరగా కానివ్వు," అన్నాడు,
"అదొక్కటి పడితే కిలో."